పుట్టిన బిడ్డకు దేశం ఏది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో పిల్లల చదువుల గురించి, ఉద్యోగాల గురించి, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాము. అవి అవసరమైన మాటలే. అయితే స్కాలర్‌షిప్పు ఫారం నింపాలన్నా, బడిలో చేర్చాలన్నా ముందుగా ఆ బిడ్డ పేరు ఏదో ఒక దేశం లెక్కల్లో ఉండాలి కదా! ఆ లెక్కలోకే రాని పిల్లలు మనవాళ్లలో ఉన్నారు. గల్ఫ్ దేశాల్లో మన అక్కచెల్లెళ్ల కడుపున పుట్టి, అక్కడి పౌరులు కాక, ఇక్కడి పౌరులమని చూపించుకోవడానికి కాగితం లేక, మధ్యలో నిలిచిపోయిన పిల్లలు వాళ్లు. వారిని గురించి నాలుగు మాటలు మనవి చేసుకోవడానికే ఈ ప్రసంగం.

హైదరాబాదు పాతబస్తీ నుంచి, కడప, రాయచోటి, రాజంపేటల నుంచి, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్‌కు పోనివాళ్ల ఇల్లు వెతకడం కష్టం. ఇందులో హిందువులూ, ముస్లిములూ, క్రైస్తవులూ అందరూ ఉన్నారు. కాబట్టి ఇది ఒక్క మతం వారి గోడు అనుకోవద్దు. ఇది పొట్టకూటికి పోయినవారి పిల్లల గోడు.

ముందు ఒక చిన్న విషయం తేల్చుకుందాం. ఏ దేశంలో పుడితే ఆ దేశం పౌరసత్వం వస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. అమెరికాలో అలాగే జరుగుతున్నది గనుక అంతటా అంతేనని ఒక అభిప్రాయం పడిపోయింది. గల్ఫ్ దేశాల పద్ధతి వేరు. సౌదీ, కువైట్, ఎమిరేట్స్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్ — ఈ ఆరు దేశాల్లోనూ పౌరసత్వం ప్రధానంగా తండ్రిని బట్టి వస్తుంది. తండ్రి ఆ దేశస్థుడైతేనే బిడ్డ ఆ దేశపు బిడ్డ. మనవాళ్లు ముప్ఫై ఏళ్లు అక్కడ చెమటోడ్చినా, వాళ్ల బిడ్డ అక్కడి ఆసుపత్రిలోనే పుట్టి అక్కడి అరబీయే మాట్లాడినా, ఆ బిడ్డ పరదేశీయే. అది వాళ్ల చట్టం. దాన్ని మనం మార్చలేము. మన చేతుల్లో ఉన్నది మన దేశపు చట్టం సంగతి తెలుసుకోవడం.

మన పౌరసత్వ చట్టం 1955లో వచ్చింది. అందులో నాలుగో సెక్షను విదేశంలో పుట్టిన పిల్లల గురించి చెబుతుంది. వంశపారంపర్యంగా, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే పౌరసత్వం అన్నమాట. దీన్ని మూడు కాలాలుగా విడదీసి చెప్పుకుంటే సులువుగా తెలుస్తుంది.

మొదటి కాలం: 1950 జనవరి 26 మొదలు 1992 డిసెంబరు 10కి ముందు వరకు. ఆ రోజుల్లో తండ్రి భారత పౌరుడైతేనే బిడ్డ భారత పౌరుడు. తల్లి ఒక్కతే భారతీయురాలైతే ఈ సెక్షను కింద లాభం లేదు. తొమ్మిది నెలలు మోసిన తల్లికి తన దేశాన్ని బిడ్డకు ఇచ్చే హక్కు లేదన్నమాట!

రెండో కాలం: 1992 డిసెంబరు 10 నుంచి. ఆ అన్యాయాన్ని సరిదిద్దుతూ, తల్లి గానీ తండ్రి గానీ ఎవరు భారత పౌరులైనా బిడ్డ భారత పౌరుడే అన్నారు. ఇది చిన్న మార్పు కాదు. ఇళ్లల్లో పనికి పోయిన మన ఆడవాళ్లకు ఇది పెద్ద అండ. తండ్రి ఎవరైనా, ఎక్కడివాడైనా, తల్లి భారతీయురాలైతే చాలు.

మూడో కాలం: 2004 డిసెంబరు 3 నుంచి. ఇక్కడే మీరంతా చెవులు రిక్కించి వినాలి. 2003లో చేసిన సవరణ ఆ తేదీ నుంచి అమలులోకి వచ్చింది. అప్పటి నుంచి విదేశంలో పుట్టిన బిడ్డ పుట్టుకను ఏడాది లోపల ఆ దేశంలోని భారత కాన్సులేటులో నమోదు చేయించాలి. అలా నమోదు చేయిస్తేనే వంశపారంపర్య పౌరసత్వం. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి.

ఇందులోని తేడా గమనించారా? 2004కు ముందు పుట్టిన బిడ్డల్లో చాలామందికి హక్కు పుట్టుకతోనే వచ్చింది. కాగితం దానికి ఋజువు మాత్రమే. ఆ తేదీ తర్వాత పుట్టిన బిడ్డకు ఆ నమోదు లేనిదే హక్కే నిలవదు. తల్లీ తండ్రీ ఇద్దరూ భారతీయులే అయినా, నాయనమ్మ తాతల ఊరు, ఇల్లు, వీధి అన్నీ ఇక్కడే ఉన్నా, నమోదు లేకపోతే చట్టం దృష్టిలో ఆ బిడ్డ ఎవరి బిడ్డా కాదు. పుట్టిన దేశం కాదంటుంది. తల్లిదండ్రుల దేశం కాగితం అడుగుతుంది. ఏ దేశమూ తన చట్టం ప్రకారం తన పౌరుడని ఒప్పుకోని మనిషిని దేశరహితుడు అంటారు. పాలు తాగే పసికందును ఆ మాటతో పిలవవలసి రావడం ఎంత బాధ!

మరి ఏడాది గడువు చాలదా, ఎందుకు తప్పిపోతున్నారు అని మీరు అడగవచ్చు. చదువుకుని, మంచి వీసా మీద, కుటుంబంతో ఉన్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్లు నెల తిరక్కుండానే బిడ్డకు పాస్‌పోర్టు తీస్తున్నారు. గడువు తప్పేది బీదవాళ్లకే. దానికి కారణాలు ముఖ్యంగా మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది పెళ్లి కాగితం. గల్ఫ్ దేశాల్లో ఆసుపత్రి పుట్టుక పత్రం ఇవ్వాలంటే మామూలుగా తల్లిదండ్రుల పెళ్లి పత్రం చూపించాలి. ఎమిరేట్స్ ఇటీవలి సంవత్సరాల్లో ఈ విషయంలో కొంత సడలింపు ఇచ్చింది గానీ అన్నిచోట్లా ఆ వీలు లేదు. మనవాళ్ల నికా శాస్త్రోక్తంగానే జరుగుతుంది. ఖాజీ ఉంటాడు, సాక్షులుంటారు, మెహర్ రాస్తారు. కానీ ఆ నికానామా ఉర్దూలో చేత్తో రాసిన కాగితం. ఇంట్లో పెట్టెలో అడుగున ఉంటుంది. దానికి సర్టిఫికెట్టు తీయించి, ఇంగ్లీషులోకి మార్పించి, ప్రభుత్వ ముద్రలు వేయించుకుని తీసుకుపోయేవాళ్లు తక్కువ. మరికొందరు అక్కడే నలుగురు స్నేహితుల మధ్య, గదిలో నికా చేసుకుంటారు. మతం దృష్టిలో అది పెళ్లే కావచ్చు. అక్కడి ఆఫీసు దృష్టిలో మాత్రం ఏమీ కాదు. కాన్పు సమయానికి ఆసుపత్రికి పోతే పోలీసులు వస్తారేమోనని భయపడి గదిలోనే పురుడు పోసుకున్న తల్లులున్నారు. ఆ బిడ్డకు పుట్టుక పత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

రెండోది వీసా. కఫీల్ దగ్గర నుంచి బయటపడినవాళ్లను, ఇఖామా గడువు తీరినవాళ్లను మనవాళ్లు ‘కల్లివెల్లి’ అంటారు. కఫీల్ పాస్‌పోర్టు దాచేసుకుంటాడు. జీతం ఇవ్వడు. భరించలేక బయటికి వస్తారు. ఆ క్షణం నుంచి వాళ్ల ఉనికే నేరం. అలాంటి ఇద్దరికి బిడ్డ పుడితే ఆ బిడ్డకు వీసా ఎవరు తీస్తారు? ఎమిరేట్స్‌లో పుట్టిన బిడ్డకు 120 రోజుల లోపల నివాస వీసా తీయాలి. ఆ తర్వాత రోజుకింత అని జరిమానా పెరుగుతూ పోతుంది. బిడ్డ ఉయ్యాలలో ఉండగానే అప్పులపాలు!

మూడోది తండ్రి తప్పుకోవడం. కొన్ని పెళ్లిళ్లు అక్కడి పౌరులతో జరిగాయి. సౌదీ పౌరుడు పరదేశీ స్త్రీని చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా ఇక్కడికి వచ్చి, దళారీ చేతిలో నాలుగు డబ్బులు పెట్టి నికా చేసుకుని, తర్వాత ముఖం చాటేసినవాళ్ల పిల్లల్ని ఆ దేశం తన బిడ్డలుగా ఒప్పుకోవడం కష్టం. కొన్నిచోట్ల పెళ్లే లేదు, బలాత్కారం ఉంది. ఆ తల్లి ఎవరితో చెప్పుకుంటుంది? ఇక్కడ పెద్దలందరికీ మా మనవి ఒక్కటే: తల్లి నడతను తూకం వేసే పని మనది కాదు. బిడ్డ ఏ తప్పూ చేయలేదు. చట్టం 1992 నుంచి తల్లి ఒక్కతే చాలునంటున్నప్పుడు, మనం ‘తండ్రి ఎవరు’ అని ఆరా తీస్తూ ఆ తల్లి నోరు మూయించడం న్యాయం కాదు.

కాగితం లేకపోతే ఏమవుతుందిలే, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు వచ్చేస్తారులే అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కువైట్‌లోని ‘బిదూన్’ల కథ చెప్పాలి. బిదూన్ అంటే అరబీలో ‘లేకుండా’ అని. పౌరసత్వం లేనివాళ్లు అని అర్థం. కువైట్ 1959లో పౌరసత్వ చట్టం చేసింది; 1961లో స్వతంత్రమయింది. 1920కి ముందు నుంచి అక్కడ స్థిరపడి ఉన్నవాళ్లు తమ సంగతి ఋజువు చేసి పేర్లు నమోదు చేసుకోవాలన్నారు. ఎడారిలో ఒంటెలు కాచుకునే వాళ్లలో చాలామందికి చదువు లేదు. కొందరికి ఆ కబురే అందలేదు. కొందరు ‘మా ఎడారి మాది, కాగితమెందుకు’ అనుకున్నారు. కొంతకాలం వాళ్లకు చదువులు, వైద్యం, సైన్యంలో ఉద్యోగాలు కూడా దొరికాయి. 1986 నుంచి ప్రభుత్వం వాళ్లను అక్రమ నివాసులుగా లెక్కగట్టి ఒక్కొక్క సౌకర్యమే తీసేసింది. ఇప్పటికీ సుమారు లక్షమంది అలాగే ఉన్నారని అంచనా. బిదూన్‌కు పుట్టిన బిడ్డ బిదూనే. తల్లి కువైటీ అయినా అంతే. ఆనాడు తాత నమోదు చేయించుకోని పేరుకు ఈనాడు మునిమనవలు మూల్యం చెల్లిస్తున్నారు. మనవాళ్లు పని చేసే గడ్డ మీదే జరిగిన కథ ఇది. ఒక తరం ఏమరుపాటు ఎన్ని తరాల మెడకు చుట్టుకుంటుందో చూడండి.

అంతర్జాతీయ చట్టం ఏమంటుందని చదువుకున్న యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన, పదిహేనో అధికరణంలో, ప్రతి మనిషికీ ఒక జాతీయత హక్కుగా ఉండాలన్నది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక, ఏడో అధికరణంలో, బిడ్డ పుట్టిన వెంటనే నమోదు చేయాలనీ, పేరూ జాతీయతా ఉండాలనీ చెబుతుంది. మన దేశం 1992లో దానికి కట్టుబడింది. గల్ఫ్ దేశాలు ఆరూ కూడా కట్టుబడ్డాయి. దేశరహితుల కోసమే ప్రత్యేకంగా 1954లో ఒకటి, 1961లో ఒకటి ఒప్పందాలు ఉన్నాయి గాని, వాటిలో మన దేశం చేరలేదు, ఆ ఆరు దేశాలూ చేరలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2014లో పదేళ్లలో దేశరహితులే లేకుండా చేయాలని ఉద్యమం మొదలుపెట్టింది. 2024 వచ్చింది, పోయింది. సమస్య మాత్రం పోలేదు. అంచేత పైనుంచి ఎవరో వచ్చి మన పిల్లల్ని గట్టెక్కిస్తారని కూర్చుంటే కుదరదు.

ఇప్పుడు చేయవలసిన పనులు చెప్పుకుందాం. పోయే ముందు చేయవలసింది, పుట్టినప్పుడు చేయవలసింది, తిరిగి వచ్చాక చేయవలసింది అని మూడు భాగాలు.

పోయే ముందు: పెళ్లి అయిన ప్రతి జంటా పెళ్లి నమోదు చేయించుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మతభేదం లేకుండా వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ 2002లో చట్టం వచ్చింది. నికా అయిన నెలలోనే ఖాజీ దగ్గరి కాగితం తీసుకుని, వక్ఫ్ బోర్డు నుంచి సర్టిఫికెట్టు తీయించి పెట్టుకోండి. పెళ్లికి బిర్యానీ దేగులు ఎన్ని అని లెక్క వేసుకునే మనం, ఆ కాగితం ఖర్చు కూడా అదే లెక్కలో రాసుకుంటే బరువు కాదు. పాస్‌పోర్టులో భార్య పేరు, భర్త పేరు సరిగ్గా ఎక్కించుకోండి. నికానామాలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు ఉంటే ఆ అక్షరాల తేడా రేపు బిడ్డ కాళ్లకు అడ్డం పడుతుంది. పాస్‌పోర్టు, వీసా, నికానామా నకళ్లు ఇంటి దగ్గర ఒక సెట్టు ఉంచి వెళ్లండి. అక్కడ కఫీల్ లాక్కున్నా ఇక్కడ నకలు ఉంటుంది.

పుట్టినప్పుడు: ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెట్టడం మనం మరచిపోము. ఆ వారంలోనే ఆసుపత్రి కాగితం తీసుకుని, స్థానిక పుట్టుక పత్రం తీయించి, భారత కాన్సులేటులో నమోదుకు దరఖాస్తు పెట్టాలి. 2009 నాటి పౌరసత్వ నిబంధనల ప్రకారం ఇందుకు ఒకటో నంబరు ఫారం ఉంది. పుట్టుక పత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, పెళ్లి పత్రం, వేరే పాస్‌పోర్టు లేదన్న ప్రమాణం — ముఖ్యంగా ఇవి. ఏడాది దాటిపోయినా ఆశ వదులుకోకూడదు. ఆలస్యానికి కారణం రాసి, కాన్సులేటు ద్వారానే కేంద్ర హోంశాఖ అనుమతికి పెట్టుకోవచ్చు. బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా మాత్రం ఆగవద్దు. ఈ దారి మైనరు పిల్లల కోసం వేసింది.

వీసా లేనివాళ్లు రాయబార కార్యాలయానికి పోతే పట్టిస్తారని భయపడతారు. ఆ భయం వద్దు. అది మన దేశపు కార్యాలయం. పట్టుకుపోవడం వాళ్ల పని కాదు. 2009 నుంచి మన రాయబార కార్యాలయాల్లో ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఒకటి నడుస్తున్నది. దిక్కులేనివాళ్లకు తిండి, వసతి, టికెట్టు, న్యాయసహాయం, కొన్ని సందర్భాల్లో జరిమానాలు కూడా అందులోంచి చెల్లిస్తారు. కాగితం లేని బిడ్డను ఇంటికి తీసుకురావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు అనే ఒకవైపు ప్రయాణపు కాగితం కావాలి. తల్లీబిడ్డల సంబంధం నిరూపించడానికి ఒక్కొక్కప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష అడుగుతారు. కంగారు పడవద్దు; ఆ పరీక్ష తల్లి పక్షాన సాక్ష్యం చెప్పేదే. క్షమాభిక్ష ప్రకటించిన రోజుల్లో చివరి వారం దాకా ఆగితే రద్దీలో బిడ్డ కాగితమే మిగిలిపోతుంది. మొదటి వారంలోనే పోవాలి.

తిరిగి వచ్చాక: ఇది చాలామందికి తెలియని విషయం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, ఇరవయ్యో సెక్షను ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డను తీసుకుని తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడడానికి తిరిగి వస్తే, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజుల్లోగా ఇక్కడే పుట్టుక నమోదు చేయించుకోవచ్చు. గడువు దాటితే ఆలస్యపు నమోదు పద్ధతి ఉంది. అయితే ఈ నమోదుతోనే పౌరసత్వం వచ్చేయదు, రెండూ వేర్వేరు. పౌరసత్వం సంగతి తేలకుండా బిడ్డ వచ్చేసినట్లయితే పౌరసత్వ చట్టం అయిదో సెక్షనులో మరో దారి ఉంది. తల్లిదండ్రులు భారత పౌరులైన మైనరు పిల్లలను రిజిస్ట్రేషను ద్వారా పౌరులుగా చేర్చుకోవచ్చు. ప్రత్యేక పరిస్థితులుంటే ఏ మైనరునైనా చేర్చుకునే అధికారం కేంద్రానికి ఉంది. ఇక బడి సంగతి. వయసు ఋజువు లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెప్పింది. హెడ్‌మాస్టరు గారు ‘కాగితం తెండి, అప్పుడు చూద్దాం’ అంటే, మర్యాదగా ఈ మాట గుర్తు చేయండి. కాగితాల పని ఒకవైపు నడుస్తూ ఉండగా బిడ్డ చదువు ఆగకూడదు.

ప్రభుత్వం వారికి కూడా మూడు విన్నపాలు చేసుకుంటున్నాము. ఒకటి: ఏడాది గడువు దాటిన బీదవారి దరఖాస్తులను నెలల తరబడి నానబెట్టక, ఒక నిర్ణీత కాలంలో తేల్చాలి. రెండు: తల్లి ఒక్కతే ఉన్న బిడ్డల విషయంలో తండ్రి సంతకం, తండ్రి పాస్‌పోర్టు అని పట్టుబట్టరాదు. చట్టం తల్లికి ఇచ్చిన హక్కును కౌంటరు దగ్గర తీసేయడం తగదు. మూడు: తల్లిదండ్రులు గడువు తప్పినంత మాత్రాన బిడ్డ దేశం కోల్పోకూడదు. జరిమానా వేస్తే తల్లిదండ్రులకు వేయండి. పౌరసత్వాన్ని మాత్రం బిడ్డ దగ్గర నుంచి లాక్కోవద్దు. ఏ దేశపు పౌరసత్వమూ దొరకని బిడ్డ తల్లిదండ్రుల్లో ఒక్కరైనా భారతీయులైతే, నమోదు లేకున్నా ఆ బిడ్డ భారతీయుడేనని చట్టంలో ఒక్క వాక్యం చేర్చితే ఎన్నో ఇళ్లల్లో దీపం వెలుగుతుంది.

మన సంఘం తరఫున చేయగలిగినవి కూడా ఉన్నాయి. ప్రతి మొహల్లాలో, ప్రతి ఊళ్లో గల్ఫ్‌లో ఉన్నవారి ఇళ్లకు మన కార్యకర్తలు పోయి ‘మీ బిడ్డకు అక్కడ బిడ్డ పుట్టిందా? నమోదు అయిందా?’ అని అడగాలి. వివరాలు రాసుకోవాలి. గుట్టు గుట్టుగానే ఉంచాలి. ఫారం నింపడం రానివాళ్లకు నింపిపెట్టాలి. చదువుకున్న పిల్లలు సెలవుల్లో ఈ పనికి రెండు గంటలు ఇస్తే చాలు. ఖాజీ సాహెబులు నికా చదివిన రోజునే ‘కాగితం తీయించుకోండి’ అని ఒక్క మాట చెబితే, మేము వంద సభల్లో చెప్పినదానికంటే ఎక్కువ పని చేస్తుంది.

అక్కచెల్లెళ్లకు చివరిగా ఒక మాట. మీ కూతురో కోడలో అక్కడి నుంచి ఫోను చేసి, బిడ్డ పుట్టిందని ఏడుస్తూ చెబితే, ముందు తిట్టకండి. ‘బిడ్డ బాగుందా? నువ్వు బాగున్నావా?’ అని అడగండి. తర్వాత ‘కాన్సులేటుకు పోయావా?’ అని అడగండి. ఇంటి తలుపు తెరిచి ఉందని తెలిస్తేనే ఆ తల్లి ధైర్యంగా ఆఫీసు తలుపు తడుతుంది. ఈ సభ ముగిసి ఇంటికి పోయిన తర్వాత, మీ చుట్టాల్లో, మీ వీధిలో అలాంటి బిడ్డ ఒక్కరున్నా మా కార్యకర్తలకు కబురు చేయండి. ఆ గడువు ఏడాదే. దానిలో ఇప్పటికే ఎన్ని నెలలు గడిచిపోయాయో మనకు తెలియదు.

 జై హింద్.